తిండి పెట్టేదెవలో కాయితం చెప్తదా?

అమెరికల మళ్లా పైసల ముచ్చట లేసింది. దిగుమతుల మీద వేసిన సుంకాలల్లకెల్లి మనిషికి 2,000 డాలర్లకు తక్కువ కాకుండ పంచుతమని 2025 నవంబర్ల ట్రంప్ ప్రకటించిండు. బాగా సంపాదించేటోళ్లకు తప్ప అందరికీ అన్నడు. డాలస్‌ల ఉన్న మా అక్క కొడుకు ఫోన్‌ల నవ్విండు. "మామా, అందరికీ అంటే ఎవలెవలకో మాకు 2020లనే ఎరుకైంది" అన్నడు.

ఆ నవ్వెనుక ఉన్న లెక్క మనం సుత తెలుసుకోవాలె. అది అమెరికాతోనే ఆగే లెక్క కాదు.

2020 మార్చిల కరోనా సాయం కోసం కేర్స్ యాక్ట్ తెచ్చిండ్రు. ఏడాదికి 75,000 డాలర్లలోపు సంపాదించే మనిషికి 1,200 డాలర్లు, 17 ఏండ్లు నిండని పిల్లలకు 500 డాలర్లు. పైకి చూస్తే మంచిగనే ఉంది. మెలిక అంతా 'డిపెండెంట్' అనే మాట కాడ ఉంది. ఇంకొకలు తమ పన్ను కాయితంల 'ఈ మనిషిని నేనే సాకుతున్న' అని రాసుకునే వీలుంటే ఆ మనిషి డిపెండెంట్. నిజంగ రాసుకున్నరా లేదా అన్నది కాదు, రాసుకునే వీలుంటే సాలు, ఆ మనిషికి పైసలు రావు.

కాలేజీల చదువుకుంట హోటల్‌ల పనిచేసే ఇరవై ఏండ్ల పోరినే తీస్కోండ్రి. హోటల్ మూతబడ్డది, జీతం పోయింది. ఆమె అమ్మానాయినల లెక్కల ఉంది కాబట్టి 1,200 రాలె. 17 దాటింది కాబట్టి అమ్మానాయినలకు 500 సుత రాలె. ఆ యేడు ఆమె పేరు రాసుకున్నందుకు ఇంటికి దొరికే డిపెండెంట్ క్రెడిట్ మహా అంటే 500 డాలర్లు. కొడుకు మీద బతికే ముసలి తల్లిది, బిడ్డ సాకే వికలాంగునిది అదే కథ. సాకేటోనికి రాలె, బతికేటోనికి రాలె.

మా మేనల్లునిది ఇంకో తీరు. వాని పెండ్లాం హెచ్-4 మీద పోయింది, మనోళ్లు డిపెండెంట్ వీసా అంటరు గదా, అది. ఆమెకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు. మొగడు పెండ్లాలు కలిసి పన్ను కట్టిండ్రు. కలిసి కడితే ఇద్దరికీ ఆ నంబర్ ఉండాలని చట్టం. అంతే, మొదటి విడతల ఇంటికి ఒక్క డాలర్ రాలె. అక్కడనే పుట్టిన పసిపిల్లకు సుత రాలె. 2020 డిసెంబర్‌ల చట్టం మార్చి, నంబర్ ఉన్నోళ్లకు ఇస్తమన్నరు. తర్వాతి పన్ను కాయితంల అడుక్కుంటే వానిది, పిల్లది వచ్చినయి. పెండ్లాంది రాలె.

2021 మార్చిల మూడో విడత వచ్చింది. మనిషికి 1,400, డిపెండెంట్ ఏ వయసోళ్లయినా సరే. అప్పుడు కాలేజీ పోరగాళ్లను, ముసలోళ్లను లెక్కల కలిపిండ్రు. అంటే ఏడాది కింద చేతగాక కాదు, చెయ్యలె.

పన్నోళ్ల దగ్గర పేర్లున్నయి, బ్యాంకు ఖాతాలున్నయి, జెల్ది పంపొచ్చు అన్నరు. ఒప్పుకుంట. ఉన్నోళ్ల పిల్లలకు రెండుసార్లు ఎందుకంటరు. అదీ న్యాయమైన మాటనే. గని సాకేటోనికన్నా ఇయ్యాలె గదా! పన్ను వసూలు కోసం గీసిన గీత ఆకలిని కొలవలేదు.

ఇగ మన దిక్కు రాండ్రి. 2014 ఆసరా నిబంధనల ప్రకారం కొడుకుకు సర్కారు కొలువో ప్రైవేటు కొలువో ఉంటే తల్లిదండ్రులు వృద్ధాప్య పింఛన్‌కు అర్హులు కారు. ఇంటికి ఒక్కటే పింఛన్. మా అక్కకు కొడుకు నెలనెలా పంపుతడు. అమెరికా పన్ను లెక్కల మాత్రం ఆమె వాని డిపెండెంట్ కాదు, ఎందుకంటే ఆమె ఉండేది ఇక్కడ. ఇక్కడి లెక్కలనేమో ఆమెను సాకేది కొడుకే. ఒక్క తల్లి, ఒక్క కొడుకు, రెండు సర్కార్లు, రెండు జవాబులు.

మా అక్కకు పింఛన్ అక్కెరలేదు, ఆ మాట నేనే చెప్త. గని కొడుకు పట్నంల కిరాయి, కిస్తీలు కట్టి రూపాయి పంపని అవ్వల సంగతేంది? కాయితం మీద కొడుకు సాకుతున్నడు. పొయ్యి మీద బియ్యం లేవు. 2007 చట్టం ప్రకారం కొడుకు మీద ట్రిబ్యునల్‌కు పోవచ్చు అంటరు. 2,016 రూపాయల కోసం కన్నకొడుకు మీద కేసేసే తల్లి ఎంతమంది ఉంటరు?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. కొడుకుకు కొలువుందని పేరు కొట్టేసే ముందు, ఆ కొడుకు పంపుతున్నడా లేదా అని అవ్వను అడుగుండ్రి. గ్రామసభల నలుగురి ముందట అడుగుండ్రి, ఊరికి అన్నీ ఎరుకే. పంపుతలేడంటే పింఛన్ ఇయ్యుండ్రి.

అమెరికల ఉన్న మన పిల్లలకు సుత ఒక మాట. ప్రకటన వేరు, చట్టం వేరు. 2,000 డాలర్ల చట్టమంటూ వస్తే మొత్తం చూసి మురవకుండ్రి. డిపెండెంట్ అంటే ఎవలన్నరు, వయసు ఎంత పెట్టిండ్రు, నంబర్ ఎవలెవలకు ఉండాలన్నరు, ఈ మూడు చదువుండ్రి. 2020ల ఇండ్లను సగానికి చీల్చినయి ఈ మూడే.