క్లామత్ నదిలో ఆదివాసీ యువత: ఇది సాహసక్రీడేనా?

2025 జూన్‌లో అమెరికాలోని ఒరెగాన్‌లో కయాక్ పడవలు ఎక్కిన ఆదివాసీ యువతీయువకులు నెల రోజులు తెడ్డు వేసి, దాదాపు 500 కిలోమీటర్లు ప్రయాణించి, కాలిఫోర్నియాలో క్లామత్ నది సముద్రంలో కలిసే చోటికి చేరారు. ఆనకట్టలు పోయాక మూలం నుంచి సముద్రం దాకా ఇదే తొలి యాత్ర అన్నారు. ఆ 'తొలి' దగ్గరే మాకు పేచీ. చెట్టు దుంగల్ని తొలిచి యూరోక్‌లు తరతరాలుగా ఈ నదిలో పడవలు నడిపారు. దారి మూసింది 1918 నుంచి 1962 దాకా కరెంటు కోసం కట్టిన నాలుగు ఆనకట్టలు.

సాల్మన్ చేప గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎగువకు ఈదుతుంది. యూరోక్, కరుక్, క్లామత్ తెగలకు అదే తిండి, అదే పండుగ. 2002లో నీళ్లు తగ్గి, వేడెక్కి, దిగువన 30 వేలకు పైగా చేపలు చచ్చి తేలాయి. కడుపు మండిన జనం కంపెనీ వాటాదారుల సమావేశాల దాకా వెళ్లి నిలదీశారు. 2006లో లైసెన్సు గడువు ముగిసింది. చేపలకు దారులు కట్టడం కన్నా ఆనకట్టలు తీసేయడమే చౌక అని కంపెనీకి లెక్క తేలింది. (దయతో తీశారని ఎవరైనా రాస్తే నమ్మకండి.) 2024లో నాలుగూ పోయాయి. ఆ అక్టోబరులోనే సాల్మన్ ఒరెగాన్ చేరింది.

ఎగువన మరో రెండు ఆనకట్టలు అలాగే ఉన్నాయి. భూమి సంగతి అంతకన్నా అన్యాయం. 1954 చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం క్లామత్ తెగల గుర్తింపును రద్దు చేసి వాళ్ల భూమిని పోగొట్టింది. 1986లో గుర్తింపు తిరిగి ఇచ్చింది, భూమి ఇవ్వలేదు.