టెరాఫ్లాపుల లెక్క

ప్రకటించిన తొలి ధర మన దేశంలో రెండింటికీ 49,990 రూపాయలే. మరి ఏది కొనాలి? 2020లో గేమ్ కన్సోల్ కోరిన పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రశ్నకు సమాధానం ఒక అంకెలో దొరికినట్లే కనిపించింది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గ్రాఫిక్స్ శక్తి 12 టెరాఫ్లాపులు, అనగా సెకనుకు 12 లక్షల కోట్ల గణనలు. సోనీ వారి ప్లేస్టేషన్ 5కు గరిష్ఠంగా 10.28. విడుదలకు ముందే పందెం ముగిసిందని పలువురు తీర్మానించారు.

ఆ అంకె పుట్టుక చూద్దాం. రెండు చిప్‌లూ ఏ.ఎం.డి. రూపకల్పనలే. మొదటిదానిలో 52 గణన విభాగాలు 1.825 గిగాహెర్ట్‌జ్ వేగంతోను, రెండవదానిలో 36 విభాగాలు గరిష్ఠంగా 2.23 గిగాహెర్ట్‌జ్ వేగంతోను పనిచేస్తాయి. విభాగాల సంఖ్యను వేగంతో హెచ్చించడమే టెరాఫ్లాపుల లెక్కకు మూలం. కాని తెరపై బొమ్మ కట్టడంలో గణన ఒక భాగమే. ఆకృతులను చుక్కలుగా మార్చే భాగాలు, చిప్‌లోని కాష్ మెమరీ కూడా గడియార వేగాన్ని అనుసరిస్తాయి. అక్కడ సోనీదే పైచేయి. ప్లేస్టేషన్ రూపశిల్పి మార్క్ సెర్నీ 2020 మార్చిలోనే ఈ మాట చెప్పారు. సాకుగా కొట్టివేసినవారూ లేకపోలేదు. విద్యుత్కేంద్రం స్థాపిత సామర్థ్యం వేరు, గ్రిడ్‌కు చేరే యూనిట్లు వేరు అన్నది మన సంస్థలవారికి కొత్త సంగతి కాదు.

నవంబరులో రెండూ మార్కెట్‌లోకి వచ్చాయి. అసాసిన్స్ క్రీడ్ వాల్‌హాలా ఆటలో సెకనుకు 60 చిత్రాల వేగాన్ని తొలినాళ్లలో ప్లేస్టేషనే నిలకడగా నిలుపుకొంది. మరికొన్ని ఆటలలో ఎక్స్‌బాక్స్ ముందుంది. చాలావాటిలో తేడా పట్టి చూస్తేగాని తెలియదు. కనుక, పిల్లలు అంకెలు చూపినప్పుడు, వారు ఆడదలచిన ఆట ఏ యంత్రానికి వస్తుందో ముందు అడగమని మేము చెబుతాం.