శునక సమాఖ్యయు, మన జాగిలములును

సభ్యత్వము వేఱు, సమానత్వము వేఱు. మహాసభలో కుర్చీ దొరకినంత మాత్రమున నచ్చట మన మాటకు విలువ దొరకినదని భావింపరాదు. 1920లో నానాజాతి సమితి యేర్పడినపుడు పరతంత్ర భారతమునకు సైతము అందు సభ్యత్వముండెను. కాని ఆ కుర్చీలో కూర్చున్నవారు ఎవరి యాజ్ఞను వినిపించిరో లోకమెఱుగును. రాజకీయములయందు బహు కష్టముతో నేర్చిన ఈ పాఠమును నేడు మిక్కిలి యల్పముగా కనబడు నొక విషయమున జ్ఞప్తికి దెచ్చుకొనవలసి వచ్చినది. భారతదేశపు కెన్నెల్ క్లబ్బునకును, అంతర్జాతీయ శునక సమాఖ్యకును ఎట్టి సంబంధముండవలెననునది ఆ విషయము. కుక్కల సంగతికి సంపాదకీయమేల యని కొందఱు పాఠకులు నవ్వవచ్చును. తుదివఱకు చదివిన పిదప వారు నవ్వరని మా నమ్మకము.

ఎఫ్.సి.ఐ. యన్న మూడక్షరములు వినగానే వరి పండించు మన పాఠకులకు ధాన్యపు గిడ్డంగులు స్ఫురించును. ఇది ఆ సంస్థ కాదు. 1911 మే 22వ తేదీన జర్మనీ, ఆస్ట్రియా, బెల్జియము, ఫ్రాన్సు, నెదర్లాండ్సు దేశముల శునక సంఘములు కూడి ఏర్పఱచుకొన్న సమాఖ్య యిది. మొదటి ప్రపంచ యుద్ధమున చెదరిపోయి, 1921లో ఫ్రాన్సు, బెల్జియముల సంఘముల పూనికచే మరల నిలిచినది. బెల్జియములోని తుయిన్ పట్టణము దీనికి కేంద్రము. ఒక్కొక్క దేశమునుండి ఒక్క సంఘమునే చేర్చుకొనుట దీని నియమము. కుక్కలకు వంశావళి పత్రములిచ్చుటయు, న్యాయనిర్ణేతలను తయారుచేయుటయు సభ్య సంఘముల పని. ఒకరి పత్రములను, ఒకరి న్యాయనిర్ణేతలను మఱియొకరు గౌరవించునట్లు చూచుట సమాఖ్య పని. పూర్ణ సభ్యులకు వోటు కలదు. అనుబంధ సభ్యులకు అది లేదు. లోకమునందలి 350కి పైబడిన శునక జాతులను ఇది పది వర్గములుగా విభజించి గుర్తించినది.

ఇక మన సంఘము సంగతి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా తన జన్మ సంవత్సరముగా 1896ను చెప్పుకొనును. దొరల యభిరుచితోను, సంస్థానాధీశుల యాదరముతోను పెరిగిన యీ సంఘమునకు నేడు చెన్నపట్టణము కేంద్రము. సమాఖ్య బిరుదుకొఱకు పోటీ జరుగు ప్రదర్శనములు మన దేశమున ఇప్పటికే జరుగుచున్నవి. కావున తలుపు తట్టవలెనా, మానవలెనా యను దశ దాటిపోయినది. లోపల అడుగిడి ఏమి యడుగవలెను, ఏమి తీసికొనవలెను, ఏమి వదలుకొనరాదు అనునవే నేటి ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు మూలము మన యెదుటనే యున్నది. నిజాము సికందరు జా పేర 1806లో వెలసిన సికింద్రాబాదు ఇంగ్లీషు సేనల దండు. దండుతో పాటు దొరల వేటకుక్కలును, పెంపుడు కుక్కలును వచ్చినవి. దండు దొరలు పోయి ముప్పాతిక శతాబ్దము దాటినది గాని వారి యభిరుచి పోలేదు. నేడు కార్ఖానా వీథులలో సాయంకాలము పట్టీ కట్టి నడిపింపబడు కుక్కలను చూడుడు. లాబ్రడారు, జర్మన్ షెపర్డు, పగ్గు, షిట్జూ, హస్కీ వరుసగా కనబడును. మంచుదేశపు బండి లాగుటకు పుట్టిన హస్కీ దక్కను వేసవిలో నాలుక వ్రేలవేసికొని రొప్పుచుండును. తెలుగుదేశమున పుట్టి, తెలుగు ఎండకు ఓర్చి, తెలుగు రైతు పొలము కాచిన జోనంగి మాత్రము కనబడుట అరుదు. కార్ఖానా యనగా పనిశాల. మన యభిమానములు ఏ పనిశాలలో తయారై వచ్చినవో ఈ వీథి చెప్పుచున్నది. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత చెట్లకే పరిమితము కాదు.

సమాఖ్యతో సంబంధమును బలపఱచువారి వాదమును మేము త్రోసిపుచ్చము. కుక్కపిల్లల వర్తకమున నేడు మోసము మెండు. వేలు పోసి కొన్న పిల్లకు చేతికిచ్చిన వంశావళి పత్రము కల్లయని తెలిసి వగచు పురజనులు కొల్లలు. మైక్రోచిప్పు, తల్లిదండ్రుల నమోదు, బయటి న్యాయనిర్ణేతల పరిశీలన, ఇవన్నియు అంతర్జాతీయ క్రమశిక్షణవలన దృఢపడును. ఇచ్చట పుట్టిన కుక్కకు ఇచ్చటి సంఘమిచ్చిన పత్రమును పరదేశము గౌరవించుట మంచిదే. 2017లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన కుక్కల ఉత్పత్తి, విక్రయ నిబంధనల ప్రకారము పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి యొద్ద నమోదు కావలెను. ఇట్టి చట్టమునకు సంఘ నియమము తోడైన కొనువానికిని రక్షణ, కుక్కకును రక్షణ.

వ్యతిరేకుల వాదమునందును కొంత సత్యము కలదు. 1873లో పుట్టిన బ్రిటిషు కెన్నెల్ క్లబ్బుగాని, 1884లో పుట్టిన అమెరికను కెన్నెల్ క్లబ్బుగాని ఈ సమాఖ్యలో సభ్యులు కావు. తమ పుస్తకములు, తమ లక్షణ పత్రములు తమయొద్దనే యుంచుకొని, సమాఖ్యతో ఒడంబడిక మాత్రము చేసికొన్నవి. వారికి చెల్లిన స్వాతంత్ర్యము మనకేల చెల్లదని వీరడుగుచున్నారు. అడుగవలసిన ప్రశ్నయే. అయితే ఆ రెండు సంఘములును తమ దేశపు జాతులను శతాధిక సంవత్సరములుగా తామే వ్రాసి, తామే నమోదుచేసి, లోకముచే ఒప్పించుకొన్నవి. ఇంట సంపదయున్నవాడు బజారునకు పోకున్నను చెల్లును. పుస్తకము వ్రాయని మనము తలుపు మూసికొని కూర్చున్నచో మిగులునది స్వాతంత్ర్యము కాదు, ఏకాంతము.

అసలు కిటుకు మఱియొకచోట నున్నది. ఒక శునక జాతికి ముఖము ఎట్లుండవలెను, చెవి ఎట్లుండవలెను, ఎత్తు ఎంత, నడక యెట్టిది అని నిర్ణయించు లక్షణ పత్రమును వ్రాయు నధికారమును సమాఖ్య ఆ జాతి పుట్టిన దేశమునకే యిచ్చును. పుట్టిన దేశము ఆ పని చేయజాలని యెడల మఱియొక దేశము సంరక్షకత్వము వహించును. అఫ్గను వేటకుక్కకు జన్మభూమి అఫ్గనిస్థానము. కాని లక్షణ పత్రముపై సంరక్షక స్థానమున నున్నది బ్రిటను. వెన్నుపై ఎదురు వెండ్రుకలు గల థాయి కుక్కకు జన్మభూమి థాయిలాండు, సంరక్షకత్వము జపానుది. ఇందు దురాక్రమణమేమియు లేదు. పుట్టినింటివారు పట్టించుకొనని బిడ్డను పొరుగింటివారు చేరదీసిరి. అయినను ఆ బిడ్డకు పేరు పెట్టువారు, పద్ధతి నేర్పువారు పొరుగువారే యగుదురు. మన జాగిలములకు రేపు ఈ గతి పట్టదని యెవరు హామీ యీయగలరు?

మనకు జాతులు లేక కాదు. 2005లో మన తపాలా శాఖ హిమాలయపు గొఱ్ఱెలకాపరి కుక్క, రాంపూరు, ముధోల్, రాజపాళయము జాతుల బొమ్మలతో నాలుగు బిళ్లలను వెలువరించినది. కర్ణాటకములో ముధోలు చెంత తిమ్మాపురమున ఈ జాతికొఱకే పరిశోధన కేంద్రమున్నది. 2016లో ముధోల్ జాగిలములు మీరటులోని సైనిక కేంద్రమున శిక్షణకు చేరినవి. కర్నాలులోని జాతీయ పశుజన్యు వనరుల సంస్థ దేశీయ శునక జాతులను నమోదు చేయనారంభించినపుడు మొట్టమొదట చోటు పొందినవి రాజపాళయము, చిప్పిపారై, ముధోల్. మొదటి రెండు తమిళదేశపువి, మూడవది కన్నడదేశపుది. పొరుగువారిని మేము మనసారా అభినందించుచున్నాము. ఆ తొలి వరుసలో తెలుగుజాతి యొక్కటియు లేకపోవుట మనకు సిగ్గుచేటని కూడ చెప్పక తప్పదు.

తెలుగుజాతులెవ్వియని ప్రశ్నించువారికి రెండు పేర్లు చెప్పుదుము. కొల్లేటి చుట్టుపట్ల గోదావరి, కృష్ణా పల్లెలలో బాతుల మందలను కాచినది జోనంగి. పొట్టి వెండ్రుకలు, ముడుతలు పడిన నొసలు, మొఱుగుటకు మాఱుగా రాగము తీసినట్టి కూత, నేల గుంట త్రవ్వి పండుకొను నలవాటు దీని గుర్తులు. ఒక్క యజమానినే నమ్మును. చేపల చెఱువులు పెరిగి బాతుల మందలు తరిగినకొలది దీనికి పని పోయినది. పని పోయిన కుక్కకు కూడు పోయినది. కూడు పోయినది వీథి పాలై ఊరకుక్కలలో కలిసిపోవుచున్నది. రెండవది కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతపు పందికోన జాగిలము. రాయలసీమ ఎండలో ఇంటిని, పొలమును కాచునది. వీనిలో తాతముత్తాతల పేర్లు పుస్తకమునకెక్కినవి ఎన్ని? మూడు తరముల వంశావళి చెప్పగల పెంపకందారులెందఱు?

ఇచ్చట సమాఖ్య నియమమొకటి గమనింపదగినది. కొత్త జాతి గుర్తింపు పొందవలెనన్న ఎనిమిది వేర్వేరు వంశములైనను ఉండవలెను. మూడు తరములలో ఆ వంశములకు ఉమ్మడి పూర్వికులుండరాదు. మొదట లభించునది తాత్కాలిక గుర్తింపు; పదేండ్లైనను గడువక అది స్థిరపడదు. అనగా నేడు పని మొదలిడినను ఫలము మన బిడ్డల కాలమునకు గాని చేతికి రాదు. నేడు మొదలిడకున్న ఎనిమిది వంశములు కాదు, ఎనిమిది కుక్కలు దొరకుటయు దుర్లభము కావచ్చును. సమాఖ్యను నమ్మి చేతులు ముడుచుకొని కూర్చుండుట కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదబోవుటయే.

కాబట్టి మా సూచనలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వముల పశుసంవర్ధక శాఖలు, తిరుపతి, రాజేంద్రనగరములలోని పశువైద్య విశ్వవిద్యాలయముల తోడ్పాటుతో, ఉభయ జాతులను ఊరూర లెక్కింపవలెను. కెన్నెల్ క్లబ్బు తన నమోదు పుస్తకమున, వంశావళి తెలియని పల్లె కుక్కకైనను లక్షణములను పరీక్షించి తొలితరముగా చోటిచ్చు తలుపును తెఱచి యుంచవలెను. ఆ నమోదునకు రుసుము బాతులకాపరి చెల్లింపగలిగినంతయే యుండవలెను. లక్షణ పత్రమును నగరపు ప్రదర్శనశాలలో గాక కొల్లేటి గట్టున, పందికోన బయలున, ఆ కుక్కలను పెంచినవారిని అడిగి తెలుగుననే ముందు వ్రాయవలెను. పరభాషలలోనికి పిదప మార్చుకొనవచ్చును. ఇక సమాఖ్యలో మన సంఘము కోరవలసినది వోటుతో కూడిన పూర్ణ స్థానము, మన జాతులపై మన కలమునకే యధికారము. ఈ రెండును లేని సంబంధము పతకములు తెచ్చునేమో గాని గౌరవమును తేదు.

ఒక హెచ్చరికయు చేయవలసి యున్నది. గుర్తింపు దొరకిన జాతి సుఖపడునని రూఢి లేదు. 2003లో ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో కనబడిన పిదప మన నగరములలో పగ్గునకు గిరాకి పెరిగెను. అణగిన మూతితో ఊపిరాడక అది పడు బాధను కొన్నవారు పిదప గాని తెలిసికొనలేదు. సమాఖ్య స్థాపకులలో నొకటియైన నెదర్లాండ్సు దేశమే 2019 నుండి మూతి కుఱుచ కుక్కల ఉత్పత్తిపై కఠిన నిబంధనలను అమలుపఱచుచున్నది. అందమునకై వ్రాసిన పత్రము జీవికి ఉరిత్రాడగుట యిట్లే. జోనంగిని బొమ్మగా మార్చి కార్ఖానా మేడలపై కూర్చుండబెట్టుట మా కోరిక కాదు. అది చేయు పనియే దాని లక్షణ పత్రమునకు మొదటి పంక్తి కావలెను.

ప్రభుత్వము, సంఘము చేయవలసిన దానిని చెప్పితిమి. భూస్వాములు, పురజనులు చేయవలసినదియు కలదు. తోటకు, కల్లమునకు, చేపల చెఱువునకు కాపలా కుక్క కావలసిన రైతు పరదేశపు పిల్లకై వేలు వెచ్చింపకముందు తన తాలూకాలోని మంచి జోనంగిని వెదకవలెను. దానికి టీకాలు వేయించి, దాని యీతను వ్రాసి పెట్టవలెను. దండులోను, నగరములోను ప్రదర్శనములు జరుపువారు దేశీయ జాతులకు మూలనొక వరుసను విదలింపక, మొదటి వరుసను ఇయ్యవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలన్నది ఇట్టి సందర్భమునకే.

మహాప్రస్థానమున ధర్మరాజు స్వర్గద్వారమును చేరెను. రథము సిద్ధముగా నుండెను. తన్ను నమ్మి వెంటవచ్చిన శునకమును విడిచి రమ్మని యింద్రుడు కోరగా, అట్టి స్వర్గము తనకు వలదని ధర్మరాజు పలికెను. ఆ నిష్ఠవలననే ఆ ద్వారము ఆయనకు తెఱవబడెను. నేడు మన కెన్నెల్ క్లబ్బు నిలిచియున్నదియు నొక ద్వారముననే. లోనికి పోవలదని మేమనము. మన శునకమును వెలుపల విడిచి మాత్రము పోవలదు.