కాదనేవాడికి తోడు కావాలి

1986 జనవరి 27 రాత్రి అమెరికాలోని మోర్టన్ థియోకోల్ కంపెనీ ఇంజినీర్లు అంత చలిలో ఛాలెంజర్ అంతరిక్ష నౌకను ప్రయోగించవద్దన్నారు. రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు చలికి బిగుసుకుపోతాయని రోజర్ బోయిజోలీ లెక్కలు ముందుపెట్టి వాదించారు. నాసాకు అది రుచించలేదు. అప్పుడు పైఅధికారి ఒకరు ఇంజినీరింగ్ విభాగాధిపతి రాబర్ట్ లండ్‌ను ఇంజినీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నారు. లండ్ మాట మార్చారు. మర్నాడు ఎగిరిన 73 సెకన్లకే నౌక ముక్కలైంది. ఏడుగురు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు.

లండ్ చేసింది తప్పని ఎవరైనా అంటారు. ఎందుకు తప్పో తేల్చడానికి పూనుకున్న తత్వవేత్త మైకేల్ డేవిస్. షికాగోలోని ఇల్లినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, వృత్తి నైతికత అధ్యయనానికి 1976లో ఏర్పడిన కేంద్రంలో ఆయన దశాబ్దాలు పనిచేశారు. వృత్తి నియమావళి అంటే ఆ వృత్తిలోని వారు తమలో తాము చేసుకున్న ఒడంబడిక అని 1991 నాటి వ్యాసంలో వాదించారు. ఒక్క ఇంజినీరు కుదరదంటే యజమాని మరొకరిని తెచ్చుకుంటాడు. ఆ వచ్చేవారూ అదే మాట అంటారని తెలిస్తేనే ఆగుతాడు. ఈ లెక్కన లండ్ ఆ రాత్రి వదులుకున్నది తన అభిప్రాయాన్ని మాత్రమే కాదు. తన మాటను నమ్ముకున్న తోటి ఇంజినీర్లందరినీ.

మన కళాశాలల్లో నైతిక విలువల పాఠం ఎక్కువగా మంచి మనిషిగా ఉండమనే చెబుతుంది. మంచితనం అవసరమే. కానీ ఉద్యోగం పోతుందన్న భయం ముందు ఒంటరి మంచితనం ఎంతసేపు నిలుస్తుంది?

తెలుగువారికి సత్యం కంప్యూటర్స్ ఉదంతం ఉండనే ఉంది. లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయల మేర ఉన్నట్టు చూపామని 2009 జనవరి 7న ఆ సంస్థ ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. అంతవరకూ ఆ లెక్కలపై ఆడిటర్ల సంతకాలు పడుతూనే వచ్చాయి. చార్టర్డ్ అకౌంటెంట్లకు నియమావళి అప్పుడూ ఉంది. కాబట్టి కాగితం మీది ఒడంబడిక దానంతటదే ఎవరినీ కాపాడదన్న అభ్యంతరం సబబే. అయితే ఆ నియమాల్లో డేవిస్ ఆలోచనకు అద్దంపట్టేది ఒకటుంది. పాత ఆడిటరుకు ముందుగా లేఖ రాయకుండా కొత్త ఆడిటరు ఆ బాధ్యత స్వీకరిస్తే 1949 నాటి చట్టం ప్రకారం అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన. దాన్ని మొక్కుబడి ఉత్తరంగా కాక, మీరెందుకు తప్పుకున్నారని గట్టిగా అడిగే అవకాశంగా వాడుకుంటే, కాదన్నవాడు ఒంటరి కాడు.

ఇంజినీర్లకు ఆ పాటి ఆసరా కూడా లేదు. వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్టు వారికి దేశంలో చట్టబద్ధ మండలి లేదు. ఏటా ఇన్ని వేలమంది ఇంజినీర్లను తయారుచేస్తున్న రెండు తెలుగు రాష్ట్రాలు అలాంటి మండలి కోసం ముందుగా గొంతెత్తాలి. వంతెన డ్రాయింగ్‌పై సంతకం పెట్టనని ఒక ఇంజినీరు తప్పుకుంటే, ఆ స్థానంలోకి వచ్చేవారు కారణం అడిగి, లిఖితపూర్వకంగా నమోదు చేసి తీరాలని ఆ మండలి చట్టంలో రాయాలి.