దొంగమీట

1998లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మా పద్మిని కారుకు పద్నాలుగేళ్ళు. మా మామగారు ముచ్చటపడి కొనుక్కున్న కారు అది. యిప్పుడు మాదాపూరులో మా అపార్టుమెంటు కింద, కొత్త కార్ల నడుమ పెద్దముత్తయిదువలా నిలబడి వుంటుంది. ఆ కొత్తవాటి తాళపుచెవుల్లో ఎలక్ట్రానిక్ చిప్ వుంటుంది. అది పలికితేగాని ఇంజను కదలదు. మా పద్మినికి ఆ భాగ్యం లేదు. పని తెలిసినవాడు బ్యాటరీనుంచి కాయిల్‌కు ఓ తీగ తగిలించి, స్టార్టరు తిప్పితే, తాళంతో నిమిత్తం లేకుండా బయలుదేరుతుంది.

“పాతకారు నెవరు ఎత్తుకుపోతారండీ?” అంటారేమో! ఎత్తుకుపోయేవాడికి అది విడిభాగాల మూట. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగింది. పద్మినిలు అంతకు చాలా ముందే ఆగాయి. భీమా సొమ్ము చేతికొచ్చినా మళ్ళీ అటువంటిది షాపులో దొరకదు.

అందుకని ఓ రహస్యపు మీట పెట్టిద్దామని పాతబస్తీలో ఒక ఎలక్ట్రీషియన్ భాయి దగ్గరికి వెళ్ళాను. ఆయన మూడు మార్గాలు చెప్పాడు.

మొదటిది బ్యాటరీనే విడదీసే మీట. స్టార్టరు లాగే కరెంటు చాలా ఎక్కువ గనుక దీనికి దిట్టమైనదే కావాలి. కాని బండి కిక్కురుమనకపోతే, దొంగ మొదట వెతికేది బ్యాటరీనే.

రెండవది పెట్రోలు ఆపడం. యిది ఎలక్ట్రిక్ పంపు వున్న కార్లకే. పైగా కార్బొరేటరులో మిగిలిన పెట్రోలుతో బండి కొంతదూరం పోయి, నడిరోడ్డున ఆగుతుంది.

మూడవది మాకు నచ్చింది. కాయిల్‌నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్ళే సన్నతీగకు మరో తీగ కలిపి, మీటద్వారా కారు బాడీకి తగిలిస్తారు. మీట వేస్తే, పాయింట్లు విడివడినా కరెంటు తెగదు. తెగకపోతే నిప్పురవ్వ పుట్టదు. స్టార్టరు హుషారుగా తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. “ముసలిబండి, ఏదో రోగం” అనుకుని దొంగ విసుగెత్తి పోవాలి! వాడు కాయిల్‌కు సొంత తీగ వేసుకున్నా ఫలితం సున్న. మన తీగ ఎప్పుడైనా వూడినా బండి ఫ్లైఓవరుమీద ఆగిపోదు. అయితే రెండు జాగ్రత్తలు: మీట వేసి వున్నప్పుడు తాళం తిప్పి వుంచితే కాయిల్ వేడెక్కుతుంది, తీగ రేకుకు రాసుకుని తొడుగు చిరిగితే మనకే బండి కదలదు.

యీ ఆలోచన కొత్తదేమీ కాదు. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో, బ్రిటనులో ఎవరూ లేకుండా నిలిపిన కారును కదలకుండా చేసి తీరాలని ఆజ్ఞ వేశారు. చాలామంది డిస్ట్రిబ్యూటరులోని రోటారును వూడదీసి జేబులో వేసుకుని వెళ్ళేవారు.

“సాబ్, మీట ఎక్కడుందో ఎవరికీ చెప్పొద్దు. చెప్తే నాకిచ్చిన పైసలు దండగ,” అన్నాడు భాయి. పాతకారు వున్నవాడికి యిది కఠినమైన షరతు. ఆదివారం నలుగురూ చేరి బానెట్ ఎత్తితే నాలుక దురద పెడుతుంది. హోటలు ముందు తాళపుచెవి అందుకునే కుర్రాడికీ చెప్పకూడదు. బండి మనమే నిలుపుకోవాలి.

యింటికొచ్చి మా ఆవిడకూ చెప్పలేదు. ఆమె నవ్వలేదు. “నాన్నగారి కారేనండీ. ఏ అర్ధరాత్రో మీకే గుండెనొప్పి వచ్చి, ఆంబులెన్సు ఆలస్యమైతే, మిమ్మల్ని దేంట్లో తీసుకెళ్ళను? మీరు చెప్పే స్థితిలో వుంటారా?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే కిందికి వెళ్ళి, చీకట్లో తడుముకుని మీట తీసి బండి కదిలించడం మూడుసార్లు చేయించాను.

క్రేనుతో ఈడ్చుకుపోయేవాణ్ణి ఏ మీటా ఆపలేదు. దానికి చక్రానికి గొలుసు, దీపం వెలుగు, మెలకువగా వుండే వాచ్‌మన్ కావాలి. మీరూ మీట పెట్టిస్తే వూరంతా చాటకండి. అలాగని మీ ఒక్కరితోనే దాచుకోకండి. యింట్లో యింకొకరి చేతికి ఆ చోటు అలవాటు కావాలి.