రిఫరల్ అనే రిజర్వేషన్ (కొలువు కథలు - 4)

"సాఫ్ట్‌వేర్‌లో కులమేంటి బ్రదర్, కోడ్ రాసినోడికే జీతం" అనేవాళ్ళు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. వాళ్ళ కోసం ఈ భాగం.

2005లో మాదాపూర్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో ట్రైనీ ఇంజినీరుగా చేరాను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివినోడి మెడలో ఐడీ కార్డు పడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆదివారం కూడా వేసుకు తిరిగాను. నవ్వుకోండి, పర్లేదు.

మొదటి వారం టీ తాగుతుంటే టీమ్ లీడ్ అడిగాడు. "మీదే ఊరు?" తెనాలి దగ్గరన్నాను. "ఊళ్ళో ఎక్కడ?" మా ఇల్లు కాలవ అవతల, మాలపల్లెలో. "రామాలయం వెనకాల" అన్నాను. తర్వాత "ఎంసెట్ ర్యాంకెంత?" ఒక సున్నా తగ్గించి చెప్పాను. ఉద్యోగమొచ్చాక ర్యాంకుతో పనేంటని అడగాల్సింది. నోరు రాలేదు. కంపెనీ ఫారంలో కులం గడి లేదు నిజమే, టీ బల్ల దగ్గర ఉంది.

రాజ్యాంగం 16(4) అధికరణం కింద ఇచ్చే రిజర్వేషన్ ప్రభుత్వ కొలువులకే. ప్రైవేటులో లేదు కాబట్టి అక్కడంతా మెరిట్టేనంటారు. మరి మా ఫ్లోర్లో చాలామంది ఎలా వచ్చారు? రిఫరల్ మీద. ఒకడి బావమరిది, ఒకడి పిన్ని కొడుకు, ఒకడి పక్క ఫ్లాటు కుర్రాడు. రిఫర్ చేసినోడికి కంపెనీ బోనస్ కూడా ఇచ్చేది. వాళ్ళూ ఇంటర్వ్యూ పాసయ్యారు, కాదనను. కొందరు నాకంటే బాగా కోడ్ రాసేవాళ్ళు. కానీ గుట్టలోంచి వాళ్ళ కాయితాన్ని పైకి లాగింది మెరిట్టా, చుట్టరికమా? సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధన చూడండి. ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలున్న దరఖాస్తులు పంపారు, పేర్లు మాత్రం మార్చారు. దళిత పేరున్నవాటికి పిలుపులు తక్కువొచ్చాయి. ఇంటర్వ్యూ దాకా రానిస్తే కదా మెరిట్ చూపించేది! రిజర్వేషన్ మీద లెక్చరిచ్చే కంపెనీలు ముందు రిఫరల్ మీద ఎవరెవర్ని తీసుకున్నాయో లెక్క బయటపెట్టాలి.

ఇంతవరకూ వాళ్ళ గురించి. ఇక నా గురించి.

మరుసటేడు హాస్టల్ జూనియరొకడు వచ్చాడు. "అన్నా, నా రెజ్యూమె మీ కంపెనీలో పెట్టవా?" అమీర్‌పేటలో జావా నేర్చుకున్నాడు, నాకంటే చురుకైనోడు. రెజ్యూమెలో పదో తరగతి దగ్గర గురుకులం పేరుంది. లీడ్ అది చూస్తే "వీడు నీకెలా తెలుసు?" అంటాడు. నా రామాలయం అక్కడే కూలుతుంది.

"ఇప్పుడు ఓపెనింగ్స్ లేవురా" అన్నాను.

ఆ నెల్లోనే మా టీమ్‌లో ఇద్దరు చేరారు, ఇద్దరూ రిఫరల్సే. లీడ్ నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. అనాల్సిన అవసరమే రానివ్వలేదు నేను.

వాడితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. ఇవన్నీ చదువుతాడు, ఇదీ చదువుతాడు.