జాలీ బెల్టు మీద ఉండాలి, గోడ పక్కన కాదు

మిర్యాలగూడ, సూర్యాపేట రైసు మిల్లుల యజమానులకు, పాలమూరు జిన్నింగు మిల్లుల సేట్లకు, ఆపరేటర్లకు, ఫిట్టర్లకు, పనిచేసే అన్నలకు, అక్కలకు:

నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద కోతలు మొదలైతే మిర్యాలగూడలో బాయిలర్లు ఆరవు. బాయిలర్ మండాలన్నా, ఉడికిన వడ్లు ఆరాలన్నా ఫ్యాన్ తిరగాలి. జడ్చర్ల వైపు జిన్నింగు మిల్లుల్లో పత్తిని గొట్టంలోంచి లాగేదీ ఫ్యానే. ఈ ఫ్యాన్లలో చాలావాటికి మోటారుతో నేరు సంబంధం లేదు. మధ్యలో రెండు పుల్లీలు, వాటి మీద మూడో నాలుగో వీ-బెల్టులు. మా గోడు అంతా ఆ బెల్టుల గురించే.

చాలా మిల్లుల్లో బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన జాలీ గోడకు ఆనించి ఉంటుంది. పనోళ్ల నిర్లక్ష్యం అంటారు. కాదు. బెల్టు జారుతోంది కాబట్టి మాటిమాటికీ బిగించాలి, గుగ్గిలం చల్లాలి. ప్రతిసారీ నాలుగు బోల్టులు ఎవరు విప్పుతారు? అలా తీసిన జాలీ సీజను అయిపోయేదాకా మళ్లీ ఎక్కదు.

జారడానికి కారణం మన చేతుల్లోనే ఉంది. మూడు బెల్టుల్లో ఒకటి తెగితే ఒక్కటే కొత్తది వేస్తాం. పాతవి రెండూ సాగి ఉంటాయి, భారమంతా కొత్తదాని మీద పడి అదీ తొందరగా పోతుంది. మోటారు జరపకుండా స్క్రూడ్రైవరుతో ఎగదోసి ఎక్కిస్తే లోపలి దారాలు అప్పుడే తెగుతాయి. వీ-బెల్టు పట్టంతా గాడి పక్కగోడల మీదే. గాడి అడుగు మెరుస్తోందంటే ఆ పుల్లీ పని అయిపోయినట్టే. మిషను ఆపి, ఒక పురికొసను రెండు పుల్లీల ముఖాల మీదుగా లాగి పట్టండి. నాలుగు చోట్లా తగలాలి. సందు కనబడితే బెల్టుతోపాటు బేరింగూ అరుగుతోందని అర్థం.

నా పక్కన పనిచేసిన పోరడు తిరిగే బెల్టుకు గుగ్గిలం చల్లబోయి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఆపి ఉంటే డ్రయ్యర్ అరగంట ఆగేది, అంతే.

తిరిగే భాగాలకు గట్టి కంచె ఉండాలని, మిషను నడిచినంతసేపూ అది ఊడకూడదని 1948లోనే ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. నడిచే బెల్టును తుడవడానికీ, నూనె వేయడానికీ ఆడవాళ్లను పంపకూడదని 22వ సెక్షన్ చెప్పింది. చీర కొంగు, చున్నీ లాక్కోవడానికి బెల్టుకు క్షణం చాలు. జిన్నింగులో ఇంకో ప్రమాదం: జారే బెల్టు కాగుతుంది, చుట్టూ పత్తి దూది.

యజమానులకు డబ్బు లెక్క కూడా చెప్తాం. గాలి ఎక్కువైతే గాలి దారిలోని డ్యాంపర్ మూస్తారు. సగం మూసినా కరెంటు సగానికి దిగదు. అదే మోటారు మీది 10 అంగుళాల పుల్లీ తీసి 8 అంగుళాలది వేస్తే ఫ్యాన్ వేగం అయిదోవంతు తగ్గుతుంది, లాగే కరెంటు దాదాపు సగమవుతుంది. గాలి అవసరం పూటకో తీరుగా మారేచోట మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పెట్టండి. బెల్టే లేకపోతే ఈ తిప్పలే ఉండవు; కృష్ణా నది ఒడ్డు సిమెంటు ఫ్యాక్టరీల్లో పెద్ద ఫ్యాన్లను కప్లింగుతో నేరుగా మోటారుకు కలిపేది ఊరికే కాదు. తిరగేసి కూడా గుర్తుంచుకోండి: గాలి చాలడం లేదని వేగం పదోవంతు పెంచితే మోటారు మీద భారం మూడోవంతు పెరుగుతుంది.

సీజనుకు ముందు ఒక్క రోజు మిల్లు ఆపండి. బెల్టులన్నీ ఒకే సెట్టుగా మార్చండి, అరిగిన పుల్లీలు తీసేయండి. జాలీకి బోల్టుల బదులు కీలు తలుపు, తాళం పెట్టించండి. గ్రీజు పైపు జాలీ బయటికి తీయించండి. అప్పుడు జాలీ తీసే పనే రాదు.

పనిచేసే అన్నలారా, జాలీ లేని బెల్టు దగ్గరికి పొమ్మంటే ముందు మెయిన్ ఆఫ్ చేయించండి. ఫ్యూజు మీ జేబులో వేసుకోండి. స్విచ్ తీశాక కూడా ఫ్యాన్ చాలాసేపు తిరుగుతుంది, పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టండి.

ఇట్లు,
ఒక మిల్లు ఫిట్టరు